ఎదురు చుట్లు

మార్చి 3

అత్తా,

ఫోను చేస్తే నువ్వు “ఏంటీ, ఏంటీ” అంటావు, నేను గొంతు పెంచితే పక్క గదివాళ్లు తలుపు తీసి చూస్తారు. అందుకే బుద్ధిగా కాగితం, పెన్ను పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు మోటార్ల ఫ్యాక్టరీలో, ప్రెస్సుల చప్పుడు పక్కన కూర్చుని కాయిల్స్ చుట్టిన మనిషి చెవులు అవి. వాటిని నేనేమీ అననులే.

నీతో పనిపడింది. పనుంటేనే అత్త గుర్తొస్తుందా అని మొదలుపెట్టకుండా మొత్తం చదువు.

నేను పనిచేసే గిటార్ల దుకాణం ఒకసారి చూశావు కదా. ముందు గదిలో కిటికీ పక్కన పొడవాటి బెంచీ ఒకటుంది. దాని దగ్గర కూర్చున్నవాళ్లు కొత్త గిటార్లు తయారుచేస్తారు. వెనక గదిలో నాలాంటివాళ్లు పాత తీగలు విప్పి కొత్తవి బిగించడం, తుప్పు గీకడం, ఊడిన వైర్లు అతికించడం చేస్తుంటారు. ఐదేళ్లుగా నాది వెనక గదే. కిటికీ బెంచీ ఆయన పోయిన నెల పని మానేశాడు. ఇప్పుడది ఖాళీ.

మా యజమానిని మేమందరం పెద్దాయన అంటాం. అడక్కుండా ఏదీ ఇచ్చే రకం కాదు. వెళ్లి అడిగేశాను. ఆయన నా చేతుల వంక చూసి, “ఏప్రిల్ ఇరవైకల్లా ఒక ఎలక్ట్రిక్ గిటారు కట్టి నా ముందు పెట్టు. విడిభాగాలు ఎక్కడైనా కొనుక్కో. కానీ చేతిపని మొత్తం నీదై ఉండాలి. ఇంకొకరి చేత చేయించావని తెలిస్తే వాయించి కూడా చూడను” అన్నాడు.

అంతే. ఆ ఒక్క గిటారు కుదిరితే నేను కిటికీ పక్కకు వెళతాను. కుదరకపోతే తుప్పు గీక్కుంటూ ఉంటాను. ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు. నాన్నకు చెబితే “ఏ గదిలో కూర్చుంటే ఏమిటి, జీతం వస్తోందిగా” అన్నాడు. మీ అన్నయ్య సంగతి నీకు కొత్తేం కాదు.

బాడీ ఒకచోట కొన్నాను, మెడ ఇంకోచోట. బిరడాలు, తీగలు కిందివైపు ఆనే బ్రిడ్జి మూడోచోట. అన్నీ వేరువేరు చేతుల్లో పుట్టినవి. వీటికి కాపురం కుదిర్చే పని నాది.

ఇక నీ పని. గిటారుకు నోరు ఎక్కడుంటుందో తెలుసా? తీగల కింద. ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగతో వేల చుట్లు. పైన గిటారు తీగ కదిలితే ఈ కాయిల్‌లో కరెంటు పుడుతుంది, అది స్పీకర్లోకి పోయి పాటవుతుంది. దాన్ని పికప్ అంటాం. ఒక పాత డీలరు దగ్గర ఒక జత దొరికింది. ఒకటి బంగారంలా పాడుతోంది. రెండోది చచ్చిపోయింది, మీటరు పెడితే ముల్లు కదలడం లేదు. లోపల ఎక్కడో తీగ తెగింది. రెండూ పంపుతున్నాను, పనిచేసేది నమూనాగా ఉంటుందని. కొత్త తీగ రీలు కూడా పెట్టాను. చచ్చినదాన్ని బతికించు.

ఇందులో చేతిపని నీదవుతుంది కదా అని నాకూ ఒక మూల గుచ్చుకుంటోంది. కానీ ఇది రిపేరే కదా అని సర్దిచెప్పుకున్నాను.

అన్నట్టు, మా గోడ అవతల లిఫ్టు మోటారుంది. అది కదిలినప్పుడల్లా దుకాణంలో ప్రతి గిటారూ బుయ్యిమని రొదపెడుతుంది. ఈ రకం పికప్‌లకు అది జబ్బు, భరించాల్సిందే అంటాడు పెద్దాయన. నీకు ఆ బాధ లేదు, అదృష్టవంతురాలివి.

నీ కోడలు


మార్చి 9

కోడలు పిల్లకు,

పార్సిల్ అందింది. గిటారు నోరు ఇంత చిన్నదా? మా మోటారు కాయిల్ ముందు ఇది పాపాయి చెవిపోగులా ఉంది. తీగ చూసి నవ్వొచ్చింది, తరవాత భయమేసింది. నేను చుట్టిన తీగలన్నీ దీనికి తాతలు.

తల ఒకచోట, మొండెం ఒకచోట కొన్నానన్నావు. మీ నాన్న పెళ్లికి బట్టలు కూడా అలాగే కుట్టించారు, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఫొటోలో చెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డాడు చూడు, అందుకే. నువ్వు మాత్రం జాగ్రత్తగా కుదిర్చుకో.

నా సంగతి అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. కాయిల్స్ చుట్టే ఆటోమేటిక్ మిషన్ వచ్చి రెండేళ్లయింది, నన్ను ప్యాకింగ్‌లో వేసి కూడా రెండేళ్లే. అట్టపెట్టెలు మడతపెట్టి టేపు వేస్తాను. టేపు వెయ్యడానికి ఎవరికీ ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం అక్కర్లేదు. నాతో పనిచేసిన చిలక కూడా నా పక్క టేబులే. మాట ఆపదు కాబట్టి చిలక. నాకు సగమే వినపడుతుంది కాబట్టి మా స్నేహం నిలబడింది.

వైండింగ్ సెక్షన్ తీసేసినప్పుడు చేత్తో తిప్పే పాత మిషన్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మంచం కింద నుంచి లాగి, నూనె వేశాను. చుట్లు లెక్కపెట్టే మీటరు ఇంకా తిరుగుతోంది. రెండేళ్ల తరవాత హ్యాండిల్ పట్టుకుని, అబద్ధమెందుకు, ఊరికే పది చుట్లు తిప్పాను.

ఒక మాట. నీ నమూనా చూశాను. పనిచేస్తోందంటున్నావు కాబట్టి సరే. కానీ అది చుట్టినవాడెవడో, తీగ అడ్డదిడ్డంగా, ఒక వరస మీద ఇంకో వరస ఎక్కి, పిచ్చుక గూడులా ఉంది. మా సెక్షన్లో ఇలా చుడితే ఫోర్‌మన్ అందరి ముందూ కత్తెరతో కోసేవాడు.

నువ్వు కంగారుపడకు. నా చేతిలో పెట్టావు కదా, ఇక దాన్ని మర్చిపోయి చెక్క పని చూసుకో.

మీ అత్త


మార్చి 15

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాన్న చెయ్యి సంగతి చూద్దామని ఫొటో తీశాను. నిజమే. ఇన్నాళ్లూ ఏదో దర్జా అనుకున్నాను.

ఇక్కడ నా కాపురం అంత సులువుగా కుదరలేదు. బాడీలో మెడ కూర్చునే గాడి ఒక వెంట్రుకవాసి పెద్దది. మెడను పెడితే అటూ ఇటూ ఊగింది. చాలామంది కాగితం మడిచి దోపేస్తారు. నేను మెడ తయారైన జాతి చెక్కనే వెతికి, ఉల్లిపొరంత పల్చగా చీల్చి, గాడి అంచున అతికించాను. మూడుసార్లు చెడగొట్టాను, నాలుగోది కూర్చుంది. ఇప్పుడు మరలు బిగించకుండా మెడ పట్టుకుని ఎత్తితే బాడీ దానితో పాటే లేస్తోంది. వెనక గదిలోవాళ్లందరినీ పిలిచి ఎత్తి చూపించాను. ఒకరిద్దరు మళ్లీ ఎత్తి చూపించమన్నారు, చూపించాను.

తరవాత బ్రిడ్జి. బాడీకి ముందే ఉన్న రంధ్రాలు ఒక కొలత, బ్రిడ్జివి ఇంకో కొలత. ఐదు రంధ్రాలూ చెక్క మేకులతో పూడ్చి, ఎండనిచ్చి, కొత్తగా వేశాను. ఇక్కడ ఒక నూలుపోగు తప్పితే పై మెట్ల మీద ప్రతి స్వరమూ అబద్ధం చెబుతుంది. కొలిచి, నీళ్లు తాగి వచ్చి, మళ్లీ కొలిచి వేశాను. సరిగ్గా వచ్చింది. గర్వంగా ఉంది అత్తా. నీకు కాకపోతే ఎవరికి చెప్పను?

నమూనా పికప్‌ని పిచ్చుక గూడు అన్నావు. నవ్వుకున్నాను కానీ, ఒకటి చెప్పాలి. దానిమీద నాకు ప్రాణం. అలా గజిబిజిగా కావాలనే చుడతారు, చేత్తో. చుట్టుకీ చుట్టుకీ మధ్య గాలి నిలిస్తే గొంతు విచ్చుకుంటుంది. దాన్ని చుట్టినాయన ఇప్పుడు లేడట. పెద్దాయన చెవి ముందు వెతికేది ఆ గొంతునే. ఈ గిటారంతా దానికోసం కడుతున్నాననుకో. జాగ్రత్తగా పక్కన పెట్టి ఉంచు, ఇంకోదాన్ని అలాగే చుట్టడానికి చూడు.

నీ కోడలు


మార్చి 16

కోడలా,

అయిపోయింది. ఈ ఉత్తరంతో పాటే పార్సిల్. పత్తిలో చుట్టి, ఆ పత్తిని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టాను. టేపులో మాత్రం ఎవరూ వంక పెట్టలేరు, ఈ రెండేళ్ల విద్య అది.

ముందు చచ్చినదాన్ని విప్పాను. మీటరు వెనక్కి తిప్పుకుంటూ చుట్లు లెక్కపెట్టాను, ఏడువేల ఆరువందల నలభై. అడుగున, అయస్కాంతానికి ఆనుకున్నచోట తీగ పచ్చగా తుప్పుపట్టి తెగింది. అయస్కాంతం మీద నేరుగా చుట్టేశాడు మహానుభావుడు. నేను ముందు ఒక పొర సన్నని కాగితం వేసి, దానిమీద మొదలుపెట్టాను. ఇంకో వందేళ్లు తుప్పు దాని జోలికి రాదు.

తరవాత రెండోదాన్ని కూడా విప్పి చుట్టాను. అడక్కుండా ఎందుకు చేశావంటావేమో. జత కాయిల్స్‌లో ఒకటి పోతే రెండూ విప్పాలి. అది మా సెక్షన్ పద్ధతి. ఒకే చెయ్యి, ఒకే రీలు, ఒకే రోజు. లేకపోతే జత జతగా ఉండదు, ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది. నాకు పని నేర్పినావిడ మొదటి రోజు చెప్పింది ఇదే. ఇంతవరకు తప్పలేదు.

మొదటి రెండుసార్లు తీగ తెగింది. చెయ్యి పని మరచిపోయిందనుకున్నాను. మూడోసారి కుర్చీ మార్చి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. తీగ నా వేళ్ల మధ్య నుంచి పోతోందని తెలుస్తోంది కానీ కనపడటం లేదు. వరస పక్కన వరస, పొర మీద పొర. చూస్తే అద్దంలా ఉంది. మీటరు పెడితే రెండింటికీ ఆరువేల చిల్లర ఓములు, తేడా పది కూడా లేదు. మైనంలో ముంచాను, నువ్వు పార్సిల్‌లో పెట్టిన చీటీలో రాసినట్టే.

మీ లిఫ్టు సంగతి కూడా చూసుకున్నాను. ఏం చేశానో చెప్పను. బిగించి చూడు, నీకే తెలుస్తుంది.

పెట్టెలు మడిచే చేతులు ఆ రోజు మళ్లీ నావయ్యాయి. చిలకకు తీసుకెళ్లి చూపించాను. మాట్లాడకుండా చూసింది. చిలక మాట్లాడలేదంటే అర్థం చేసుకో. అందగానే రాయి.

మీ అత్త


మార్చి 22

అత్తా,

పార్సిల్ అందింది. తెరిచి చూశాను, నీ ఉత్తరం చదివాను.

నేను ఒక్కదాన్ని బాగుచేయమన్నాను. రెండోది నమూనా అన్నాను. బతికున్నదాన్ని ఎవరైనా చంపి మళ్లీ పుట్టిస్తారా? నా పదిహేనో తేదీ ఉత్తరం నీకు అందేసరికే నువ్వు దాన్ని విప్పేసి ఉంటావు. ఆ గొంతు ఇక లేదు. అది మళ్లీ కావాలంటే ఎక్కడా కొనడానికి దొరకదు. చుట్టినాయనే లేడు.

అద్దంలా ఉందన్నావు. ఉంది. అద్దంలా ఉండటమే తప్పు. అంత బిగుతుగా, అంత వరసగా చుడితే గొంతు మూసుకుపోతుంది. నీకు వినపడదు కదా, కంటితో చూసి తీర్పు చెప్పేశావు. చూడటానికి బాగుంటే చాలు మీ ఫ్యాక్టరీకి. ఇది మోటారు కాదు.

ఏప్రిల్ ఇరవై ఇంకా నాలుగు వారాలే. ఐదేళ్లు ఎదురుచూసింది ఇందుకేనా అనిపిస్తోంది. బిగించి చూడమన్నావు. బిగించాలనిపించడం లేదు.

డబ్బాలో డబ్బా బాగుంది.

నీ కోడలు


మార్చి 28

కోడలికి,

నీ రెండు ఉత్తరాలూ ఇక్కడున్నాయి. ప్రాణం అని రాసిన ఉత్తరం, నేను పార్సిల్ వేసొచ్చిన మూడో రోజున అందింది. అప్పుడే తెలిసింది ఏం చేశానో. ఆ రోజే రాయాల్సింది. ధైర్యం చాలలేదు. నీ రెండో ఉత్తరం కోసం కూర్చున్నాను, తిట్లు తినడానికి. తిన్నాను.

తప్పు నాదే. విప్పేముందు అడగాల్సింది. నీ పార్సిల్ చేతికొచ్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. రెండేళ్లుగా నా దగ్గరకు పని రాలేదు, వచ్చినదాన్ని సగం చేసి పంపబుద్ధి కాలేదు. అది నా సంబరం, నీ నష్టం.

కానీ ఒక మాట ఒప్పుకోను. చూడటానికి బాగుంటే చాలు మా ఫ్యాక్టరీకి అన్నావు. నేను చుట్టిన కాయిల్స్ ఇనప తొడుగుల్లో మూసేసి పంపేవారు. ఎవరు చూస్తారు? ఎవరూ చూడరని తెలిసే అంత వరసగా చుట్టాను. ముప్పై ఒక్క ఏళ్లలో నా కాయిల్ ఒక్కటి కాలి వెనక్కి రాలేదు. వినపడదన్న మాట నిజమే. దానికి నేనేమీ అనను, కాకపోతే ఆ మాట నీ నోటి నుంచి వస్తుందనుకోలేదు.

నీ ఉత్తరం చదివాక గజిబిజిగా చుట్టడానికి కూర్చున్నాను. మిగిలిన పాత తీగతో, ఒక చెక్క ముక్క మీద. నవ్వకు. నాకు రావడం లేదు. వంద చుట్లు అడ్డంగా పోనిస్తాను, నా వేలు నాకు తెలియకుండానే వరసలోకి వచ్చేస్తుంది. గోడ వంక చూస్తూ తిప్పాను, చిలకను పక్కన కూర్చోబెట్టి ఆవిడ కబుర్లు వింటూ తిప్పాను. విప్పి చూస్తే మళ్లీ అద్దమే. చివరికి చిలక “నాకివ్వు” అంది. ఆవిడ కాయిల్స్ వారానికి నాలుగు వెనక్కి వచ్చేవి. ఐదు నిమిషాల్లో అచ్చం నీ పిచ్చుక గూడు చుట్టి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లకు తన పనితనానికి గిరాకీ వచ్చిందని మురిసిపోతోంది. కావాలంటే ఆవిడ చేత చుట్టించి పంపుతాను. వారంలో అందుతుంది, నీకు టైముంది.

అయితే దానికి ముందు ఒక్కసారి బిగించు. లిఫ్టు సంగతి చూసుకున్నానన్నాను. చెప్పకుండా ఉంచి సంబరపడదామనుకున్నాను, ఇక ఆ ముచ్చట లేదు కాబట్టి చెబుతున్నాను. ఒక కాయిల్‌ని కుడికి చుట్టాను, రెండోదాన్ని ఎడమకు. లిఫ్టు మోటారు రొద రెండు కాయిల్స్‌లోనూ ఒకేసారి పడుతుంది. చుట్లు ఎదురెదురుగా ఉంటే ఒకదాని రొద ఇంకోదాన్ని కొట్టేస్తుంది. మరి పాట కూడా కొట్టుకుపోతుంది కదా అంటావు. అందుకే ఎడమ కాయిల్‌లో ఆరు అయస్కాంతాలూ మెల్లగా తోసి తీసి, తలకిందులుగా పెట్టాను. పాట అయస్కాంతం మాట వింటుంది. రొద వినదు. రెండూ కలిపి మోగించినప్పుడు రొద చావాలి, పాట బతకాలి. నాకు తెలిసిన విద్య అయితే ఇది తప్పదు. వినడానికి నా దగ్గర చెవుల్లేవు, నువ్వే విని చెప్పాలి.

అత్త


ఏప్రిల్ 4

అత్తా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను. నోరు జారాను. వినపడదన్న మాట రాసిన రోజే పోస్టు డబ్బా దగ్గర నిలబడి, వెనక్కి తీసుకుందామని సందులో చెయ్యి పెట్టి చూశాను. పట్టలేదు. క్షమించు. నీ చెవులు ఎలా పోయాయో తెలిసి కూడా అలా రాశాను. కోపంలో మనిషికి ఎక్కడ పొడవాలో భలే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే బిగించాను. వైర్లు అతికించి, తీగలెక్కించి, స్పీకరు పెట్టాను. ముందు ఒక్కో పికప్ విడిగా మోగించాను. లిఫ్టు కదిలింది, మామూలుగానే బుయ్యిమంది. మొహం వేలాడేశాను. తరవాత రెండూ కలిపే వైపు స్విచ్ తోశాను.

రొద పోయింది అత్తా. తగ్గడం కాదు, పోయింది. స్పీకరు ఆగిపోయిందేమోనని తీగ మీటాను. మోగింది. లిఫ్టు పైకీ కిందికీ తిరగాలని నేనే వెళ్లి బటన్లు నొక్కి వచ్చాను. గోడ అవతల మోటారు వణుకుతోంది, ఇక్కడ నా గిటారు నిశ్శబ్దంగా కూర్చుంది. వెనక గదిలో నాతో పనిచేసే తీగలాయన లేచి వచ్చి స్పీకరుకు చెవి ఆనించాడు. “ఏం చేశావు” అన్నాడు.

ఎదురు చుట్ల సంగతి నాకు తెలియనిది కాదు. కంపెనీలు చేసే కొన్ని జతల్లో ఉంటుంది. కానీ మన చేతిలో, కాయిల్ అడుగున ఉండే ఈ పాత అట్టముక్కల్లోంచి అయస్కాంతాలు విరగకుండా తీసి పెట్టి, రెండు కాయిల్స్ ఓముకు ఓము జత కుదిర్చి చెయ్యవచ్చని నాకు తట్టలేదు. ఒకే చెయ్యి, ఒకే రీలు అన్నావే, దానివల్లే రొద అంత పూర్తిగా చచ్చింది. నమూనాని ముట్టుకోకుండా ఉండి ఉంటే ఇది జరిగేదే కాదు.

గొంతు మారింది, నిజం చెప్పాలి. పాత పికప్ కిటికీ తెరిచినట్టు ఉండేది. ఇది నిండుగా, గుండ్రంగా ఉంది. మొదటి గంట నచ్చలేదు. రెండో గంటలో నేను కొన్న మెడ బాగా పదునైన గొంతుదని గుర్తొచ్చింది. ఆ పదునూ నీ నిండుదనమూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇప్పుడు వేరేది వద్దు. చిలకత్తకు నా తరఫున చెప్పు, ఇంకో గిటారు కట్టినప్పుడు ఆవిడ దగ్గరకే వస్తానని.

ఇక భయం ఒకటే. పెద్దాయన ప్రతి భాగం దగ్గరా ఆగి ఎవరిదని అడుగుతాడు. చేతిపని ఇంకొకరిదైతే వాయించి కూడా చూడనన్నాడు. రిపేరే కదా అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను, ఇప్పుడు అలా అనుకోలేను. ఈ గిటారు నోరంతా నీ పనే. డీలరు దగ్గర ఇలాగే కొన్నానని చెప్పేస్తే ఎవరికీ తెలియదు. ఏం చెయ్యమంటావు?

నీ కోడలు


ఏప్రిల్ 10

కోడలు పిల్లకు,

రొద పోయిందన్న చోట వేలు పెట్టుకుని చిలకకు చదివి వినిపించాను. రెండుసార్లు. సూపర్‌వైజర్ వచ్చి పెట్టెలు ఆగిపోయాయన్నాడు. ఆగితే ఆగనీ అన్నాను. నాకు బుద్ధి చెప్పడం మర్చిపోయి వెళ్లిపోయాడు.

క్షమించమన్నావు. అయిపోయింది, ఇక ఆ మాట ఎత్తకు. నేనూ నీ ప్రాణం విప్పేశాను కదా, చెల్లుకు చెల్లు.

అడిగినదానికి జవాబు. కొన్నానని చెప్పు. నాకేం తక్కువైపోదు. మోటార్లలో మూసేసినవన్నీ కంపెనీ పేరుతోనే పోయాయి, ఇది డీలరు పేరుతో పోతే ఏమైంది? నాకు కావలసింది నువ్వు ఆ కిటికీ పక్కన కూర్చోవడం. నీ మెడ గాడి, నీ బ్రిడ్జి రంధ్రాలు నీ చేతివే కదా. నోటి దగ్గర కొంచెం అబద్ధం చెబితే కొంపలేం మునగవు.

ఇరవయ్యో తేదీ ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఉంటాను కానీ మనసు అక్కడుండదు.

మీ అత్త


ఏప్రిల్ 21

అత్తా,

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మధ్యలో చివరికి దూకకు.

నిన్న పొద్దున్నే పెద్దాయన కిటికీ బెంచీ మీద తెల్ల బట్ట పరిచి గిటారు పెట్టమన్నాడు. వెనక గదివాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. ముందు మెడ మరలు విప్పించాడు. మరలు తీశాక కూడా మెడ ఊడి రాలేదు. చేత్తో లాగాల్సి వచ్చింది. గాడి అంచున నేను అతికించిన చెక్క పొరను గోటితో గీకి చూసి, “ఇది ఎవరు చేశారు?” అన్నాడు. నేనే అన్నాను. బ్రిడ్జి దగ్గర పూడ్చిన రంధ్రాలు వెతికాడు, కనపడక నన్నే చూపించమన్నాడు. మెట్ల అంచుల మీద చొక్కా చేతిని లాగాడు, ఎక్కడా దారం పట్టలేదు. ప్రతిదానికీ నేనే, నేనే అంటుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తరవాత మళ్లీ బిగించి వాయించాడు. వాయిస్తుండగా లిఫ్టు కదిలింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. గోడ వంక చూశాడు, స్పీకరు వంక చూశాడు, స్విచ్ తోసి మళ్లీ వెనక్కి తోశాడు. మూత విప్పమన్నాడు. పికప్‌లు బయటకు తీసి, భూతద్దం పెట్టి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. “ఇవి ఎవరు చుట్టారు?” అన్నాడు.

కొన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. నువ్వు చెప్పమన్నావు, ఐదేళ్ల ఎదురుచూపు ఉంది, గుమ్మంలో అందరూ ఉన్నారు. కానీ ఆయన చేతిలో నీ పని ఉంది. దాన్ని అలా పట్టుకుని చూస్తుంటే కొన్నానని నోరు రాలేదు.

“మా అత్త” అన్నాను.

“మీ అత్త ఏ కంపెనీ?” అన్నాడు. నేను చెప్పాను. మోటార్లు, ముప్పై ఒక్క ఏళ్లు, ఇప్పుడు ప్యాకింగ్, చెవులు, ఎదురు చుట్లు, అయస్కాంతాలు, నేను రాసిన పాడు ఉత్తరంతో సహా మొత్తం. ఆయన కూర్చుని విన్నాడు. తరవాత నా వైపు చూడకుండా అన్నాడు: “చేతిపని నీదే ఉండాలన్నాను. ఇది నీది కాదు.”

పోయింది అనుకున్నాను. పికప్‌లు తీసి జాగ్రత్తగా పత్తిలో పెట్టడం మొదలుపెట్టాను.

“ఎక్కడికి?” అన్నాడు. “ఈ బెంచీ దగ్గర కూర్చునేవాళ్లకు కాయిల్ చుట్టడం రావాలి. ఇంతకుముందు కూర్చున్నాయనకు రాదు, నాకూ ఇంత బాగా రాదు. నెల రోజులు మీ అత్త దగ్గర నేర్చుకుని రా. అంతవరకు దీని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను.” లోపలి గది నుంచి ఒక రంపం, ఉలుల పెట్టె తెచ్చి, నా ఎదురుగానే ఆ బెంచీ సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చాడు.

తాళంచెవి ఇప్పుడు నా చేతిలో ఉంది. ఒక చేత్తో రాస్తున్నాను.

వచ్చే ఆదివారం బయలుదేరనా? నాకు నేర్పుతావా?

నీ కోడలు


ఏప్రిల్ 26

కోడలా,

చివరికి దూకవద్దన్నావు. దూకాను. దూకి, మళ్లీ మొదటినుంచి చదివాను.

నీ ఉత్తరం పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లి నెల రోజులు సెలవు అడిగాను. కారణం రాయమని ఫారం ఇచ్చాడు. అందరూ జ్వరం అని రాసే చోట “వైండింగ్ నేర్పడానికి” అని రాశాను. ఆయన చదివి, ఈ రోజుల్లో చేత్తో వైండింగ్ ఎవరు నేర్చుకుంటారు అన్నాడు. నాకు బాగా వినపడింది. అయినా ఇంకోసారి చెప్పించుకుని, అప్పుడు “మా కోడలు” అని సమాధానం చెప్పాను.

ఆదివారం రా. మిషన్‌కి నూనె వేసి ఉంచాను. కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేశాను. ముందే చెబుతున్నాను, నా దగ్గర కోడలని చూడను. వరస తప్పితే కత్తెర తీస్తాను, ఏడ్చినా విప్పిస్తాను. వరసగా చుట్టడం వచ్చాకే చిలక దగ్గర గజిబిజి నేర్చుకోవడం, ముందు కాదు. ఆవిడ ఇప్పటికే అందరికీ చెప్పుకుంటోంది తను కూడా టీచరేనని.

కొన్నానని చెప్పమన్నాను నిన్ను. నువ్వు వినలేదు. ఇంకెవరైనా అయితే తిట్టేదాన్ని. ఎన్ని వేల మోటార్లలో నా కాయిల్స్ తిరిగాయో నాకే తెలియదు. వాటితో నీళ్లు తోడుకున్నారు, పిండి మరలు ఆడించారు, లిఫ్టులెక్కారు. ఇవి ఎవరు చుట్టారని ఒక్కరూ అడగలేదు. అడగాలని నేనూ అనుకోలేదు. అరవై ఏళ్లు దగ్గరపడుతుండగా ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి అడిగాడు. ఆ ప్రశ్నకు నీ బెంచీ పణంగా పెట్టి “మా అత్త” అన్నావు.

ఆ రెండు మాటలున్న చోట కాగితం కొంచెం తడిసింది. నీ అక్షరాలు చెరగలేదులే.

కాయిల్స్ చుట్టిన మీ అత్త